ఊకుంటే ఆగే మోటారు

అహరోను తాత మనుషుల కోసం ప్రార్థన చేయించిన పాపాన ఎన్నడూ పోలేదు. చేయిస్తే మోటార్ల కోసమే చేయించేవాడు.

బాసర చుట్టుపక్కల మెథడిస్టు సంఘం పెద్దదేమీ కాదు. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో చాపలు పరుచుకొని ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. రెండు పాటలు అయ్యాక అయ్యగారు, అంటే పాస్టరు గారు, ప్రార్థన మనవులు ఉంటే చెప్పమంటారు. ఒకామె మోకాళ్ల నొప్పులంటుంది. ఒకాయన కొడుకు పరీక్షలంటాడు. అందరివీ అయ్యాక అహరోను ఒక చేత్తో గోడను, ఇంకో చేత్తో పక్కవాడి భుజాన్ని పట్టుకొని మెల్లగా లేస్తాడు. లేచి, గొంతు సవరించుకొని, ముఖం దిగాలుగా పెట్టి మొదలుపెడతాడు.

"ముధోల్ల ఒక ఆటో ఉన్నది అయ్యగారూ. దానికి బ్రేకులు పడతలేవు. పొద్దంత మంచిగనే నడుస్తది, ఇంటికొచ్చే యాళ్లకే పడతలేవు. దాని కోసం జర జ్ఞాపకం చెయ్యిన్రి."

అంతే, కూర్చుంటాడు. ఆటో ఎవరిదో చెప్పడు. సంఘంలో పెద్దవాళ్లు కండ్లు మూసుకొని "ఆ ఆటోను ముట్టుము ప్రభువా" అని నిజంగానే వేడుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు పమిట కొంగు నోట్లో కుక్కుకుంటారు. ఒకసారి కొత్తగా వచ్చినామె ఒకతె, కంపెనీ పేరు కూడా చెబితే ప్రభువు గుర్తుపట్టడం సులువవుతుంది కదా అని సలహా ఇచ్చింది. నంబరు ప్లేటు అక్కర్లేదా అని వెనకనుంచి ఎవరో అన్నారు.

అయ్యగారు సెమినరీలో చదువుకొని ఈ మధ్యే వచ్చిన మనిషి. కొన్నాళ్లు ఓపిక పట్టారు. ఒక శుక్రవారం ఖానాపూర్ వైపు ట్రాక్టరొకటి ముందుకు పొమ్మంటే వెనక్కే పోతున్నదని మనవి వచ్చేసరికి ఆ ఓపిక కాస్తా అయిపోయింది.

"తాతా, దేవుడు మోటారుకు ప్రాణం పొయ్యలేదు గదా" అన్నారు.

"పొయ్యలే గనుకనే మనం అడుగవలసి వస్తున్నది అయ్యగారూ" అన్నాడు అహరోను.

ఆ తర్వాత వారమే అయ్యగారి స్కూటరు మీద పడ్డాడు. అది పొద్దుగాల లేవలేకపోతున్నదని, ఎంత కిక్కు కొట్టినా నిద్రమొఖం వేస్తున్నదని మనవి చేశాడు. తన స్కూటరుకు సెల్ఫ్ స్టార్టు ఉందని, అది బ్రహ్మాండంగా ఉందని అయ్యగారు ఎర్రబడిన ముఖంతో చెప్పుకున్నారు. అయినా సంఘం ప్రార్థన చేసే ఊరుకుంది.

అహరోను బెల్లంపల్లి బొగ్గుబాయిలో పంపు ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. బాయిలో ఊరే నీళ్లను ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పైకి తోడి, ఇక నీళ్ల మొహం చూడనని ఒట్టు పెట్టుకొని, భార్య రిబ్కమ్మ పుట్టిన ఊరని బాసరకు వచ్చి సరిగ్గా గోదావరి ఒడ్డున పడ్డాడు. ఘాటు పక్కన రేకుల షెడ్డు వేసుకొని పడవ మోటార్లు బాగుచేస్తాడు. పని దొరకని రోజు ఆటోలు, పంపుసెట్లు, మిక్సీలు, చేతికి ఏది దొరికితే అది.

లిడియాది ఖానాపూర్ పక్క పల్లె. జేమ్స్‌ను చేసుకొని బాసరకు వచ్చింది. మొదటిసారి కూడికలో అహరోను లేచినప్పుడు ఆమెకు నవ్వాగక బయటికి పోయి వాకిట్లో నిలబడవలసి వచ్చింది. జేమ్స్ ఆమెను నవ్వించడానికి ఇంటికొచ్చాక అదే గొంతు పెట్టేవాడు. ఒక చేత్తో గోడను పట్టుకొని లేచి, "మా ఇంట్ల పప్పున్నది అయ్యగారూ, దానికి ఉప్పు పడతలేదు" అని దిగాలుగా మనవి చేసేవాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆ ఇద్దరికీ అహరోను తాత ఒక్కడు చాలినంత వినోదం.

జేమ్స్ ఘాటులో పడవ నడిపేవాడు. సరస్వతమ్మ దర్శనానికి వచ్చిన యాత్రికులను గోదావరిలో ఒక చుట్టు తిప్పి తేవడం అతని పని. మిగతా పడవలన్నిటికీ పాత రకం మోటార్లుంటే, జేమ్స్ పడవకు మాత్రం కార్బురేటర్ లేని ఎఫ్ఐ మోటారు ఉండేది. లోపల చిన్న కంప్యూటర్ డబ్బా ఒకటి ఉండి, పెట్రోలును కొలిచి సన్నటి రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. జేమ్స్ దాన్ని కొత్త అల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఖాళీ మధ్యాహ్నాల్లో లిడియాను ఎక్కించుకొని నడపడం నేర్పాడు.

పోయిన వానాకాలం ఒక పొద్దున బంకుకు పోయి ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకొచ్చాడు. దాన్ని పడవలో పెట్టి, పైపు తగిలించి, గుండె పట్టుకొని అక్కడే కూర్చున్నాడు. నిజామాబాదు ఆసుపత్రికి చేరకముందే పోయాడు. అంత మనిషి అంత తొందరగా పోతాడని ఎవరూ అనుకోలేదు. లిడియా అయితే నమ్మనేలేదు, చాలా రోజులు.

సమాధి అయ్యాక వచ్చిన ఆదివారం అయ్యగారు చర్చి గుడిలో "భర్తను కోల్పోయిన మన సహోదరి లిడియా కొరకు" అని ప్రార్థన ఎత్తుకున్నారు. ఆ మాటకు గుడిలో తలలన్నీ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. అంతమంది జాలి ఒక్కసారే మీద పడితే తట్టుకోవడం ఎవరి తరం. ఆరాధన అయ్యాక ఆమె అయ్యగారి దగ్గరికి పోయి, ఇకమీదట తన పేరు ఎత్తి ఎవరూ ప్రార్థన చేయవద్దని, చేస్తే తాను రావడం మానేస్తానని చెప్పింది. ఆమె ముఖం చూసి అయ్యగారు సరేనన్నారు.

ఆ తర్వాత ఆమె ఏడవలేదు. పని చేసింది. ఊడ్చిన వాకిలే ఊడ్చింది, తోమిన గిన్నెలే తోమింది, ఉతికిన దుప్పట్లే ఉతికింది. పనిలో ఉన్నంతసేపు ఆమెకంటే గట్టి మనిషి లేదనిపించేది. చేతిలో పని అయిపోయి గడప మీద కూర్చుంటే మాత్రం చేతులు వణికేవి. అందుకని కూర్చోవడమే మానుకుంది. మొగుడు పోయిన దుఃఖం ఈమెకు లేదా ఏంది అని కొందరన్నారు. అనేవాళ్ల నోటికి తాళం వేయలేం కదా.

పుట్టింటివాళ్లు పడవ అమ్మేసి వచ్చేయమన్నారు. ఆమె వినలేదు. చలికాలం మొదలయ్యాక ఒక రోజు చీర కొంగు బిగించి పడవెక్కింది. మోటారు స్టార్టు అయింది. రేసు ఇస్తే గోదావరిని చీల్చుకొని పోయింది. తిరిగొచ్చి మెట్ల దగ్గర స్పీడు తగ్గించేసరికి మిస్సింగ్ మొదలైంది. పడవంతా వణికింది. గేరు తీసి ఊరకే ఉంచితే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆగిన పడవ అడ్డం తిరిగి పక్క పడవకు గుద్దుకుంది. అందులో ఉన్న ముసలాయన గోవిందా అన్నాడు.

ఒక రోజంటే పొరపాటు అనుకోవచ్చు. రోజూ అదే వరస. ఘాటు పడవలన్నిటికీ అంబదాస్ పెద్ద. జేమ్స్‌కు మంచి దోస్తు. తల్లిది మహారాష్ట్ర వైపు కావడంతో వదినను వైనీ అంటాడు. పడవలు వంతుల ప్రకారం పోతాయి, నీళ్లలో ఆగిపోయే పడవకు వంతు ఉండదు. అది ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు.

"వైనీ, వసంత పంచమి వస్తున్నది. పిల్లల్ని పట్టుకొని మస్తు మంది వస్తరు. పండుగ లోపట మోటారు నిలబడకుంటే నీ వంతు వేరేటోళ్లకు ఇయ్యాల్సి వస్తది. నాకూ ఇష్టం లేదు" అని చెప్పి, ఆమె ముఖం చూడలేక నీళ్ల వైపు చూశాడు.

వంతు పోతే పడవ పోయినట్టే. పడవ పోతే జేమ్స్‌దంటూ ఇక ఏమీ మిగలదు. లిడియా అహరోను షెడ్డుకు పోయింది.

అహరోను వచ్చి పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొన మోటారుకు, ఇంకో కొన చెవికి పెట్టుకొని చాలాసేపు విన్నాడు. రేసు ఇప్పించాడు, తగ్గించాడు. ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ఊరకే ఉంచితే తిరగాల్సిన ఐడ్లింగ్ నిలబడటం లేదు, వేరే డబ్బాలో కొత్త పెట్రోలు పెట్టి చూద్దామన్నాడు.

"ట్యాంకుల ఏం లోపం లేదు తాతా. దాన్ని ముట్టకు" అంది లిడియా.

ఆమె అన్న తీరుకు అహరోను తలెత్తి చూశాడు. సరే ముట్టనన్నాడు.

కడుపునొప్పి అని వచ్చిన రోగికి ముక్కు, చెవి, గొంతు అన్నీ చూసి కడుపును మాత్రం ముట్టని డాక్టరును ఎవరైనా చూశారో లేదో. అహరోను అట్లా పని చేశాడు. ప్లగ్గులు తీసి చూస్తే నల్లగా మసిబారి ఉన్నాయి, కొత్తవి వేశాడు. ఫిల్టరు గిన్నెలో నీళ్లు కనబడ్డాయి, తుడిచి బిగించాడు. మర్నాటికి మళ్లీ నీళ్లు. గాలి ఎక్కడైనా పీలుస్తుందేమోనని పైపు పొడవునా సబ్బునీళ్లు పూసి చూశాడు. ఊరకున్నప్పుడు మోటారుకు గాలి అందించే వాల్వు విప్పి మసి గీకాడు. ప్రతి రిపేరుకూ మోటారు కాసేపు తేరుకునేది. అమ్మయ్య అనుకునేలోపల మళ్లీ వణుకు. లిడియా ప్రతిసారీ ఒడ్డున నిలబడి పెదవి కొరుక్కుంటూ చూసేది. ట్యాంకు సంగతి మాత్రం అతను మళ్లీ ఎత్తలేదు.

ఎత్తలేదంటే షెడ్డులో ఎత్తలేదు. శుక్రవారం కూడికలో గోడ పట్టుకొని లేచాడు.

"ఘాటు కాడ జేమ్స్ మోటారున్నది అయ్యగారూ. రేసుల ఉన్నంతసేపు దాన్ని మించింది లేదు. ఊకుంటే నిలబడతలేదు, వణుకుతున్నది. దాని కడుపుల పాతది ఒకటి కూసున్నది. తీద్దామంటే ముట్టనిస్తలేదు. దాని కోసం జర గట్టిగ జ్ఞాపకం చెయ్యిన్రి."

లిడియాకు ఒళ్లు మండిపోయింది. కూడిక కాగానే వాకిట్లో పట్టుకొని, తన ట్యాంకు సంగతి నలుగురిలో ఎందుకు పెట్టావని నిలదీసింది. నీ పేరు ఎత్తానా అని అడిగాడు అహరోను. ఎత్తలేదు. ట్యాంకు అన్నానా అని అడిగాడు. అదీ అనలేదు. మరి ఇంకేం ఫికర్ అని చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయాడు. మాట మీద దొరకని మనిషితో కొట్లాట ఎట్లా పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు.

ఇంటికి పోయినా ఆ మాట వదల్లేదు. కడుపులో పాతది ఒకటి. పొద్దున్నే షెడ్డుకు వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా, నిలబడే చెప్పింది.

"తాతా, గా పెట్రోలు ఆయన పోయించుకొచ్చిండు. ఆ పొద్దుగాల ఆయనే పోయి తెచ్చిండు. నేను అయిపోనియ్యలే. సగమైనప్పుడల్లా మీదికెల్లి కొత్తది పోసుకుంట వచ్చిన. ట్యాంకు ఖాళీ చేస్తే ఆయన పోయించింది పోతది."

ఆ మాట బయటికి చెప్పాక అది ఎంత పిచ్చి మాటో ఆమెకే వినిపించింది. పైన పోస్తూ కింద కాలుస్తూ ఉంటే జేమ్స్ తెచ్చిన పెట్రోలు చెంచాడైనా మిగిలి ఉంటుందా. ఆ సంగతి ఆమెకు తెలియదా. తెలుసు. తెలిసినా ట్యాంకు అడుగు చూడటానికి చేయి రాలేదు.

అహరోను నవ్వలేదు. ఇప్పటి పెట్రోల్లో స్పిరిటు కలుపుతున్నారని, అది గాలిలో తేమను పీల్చి నీళ్లు చేస్తుందని, నిలవ ఉన్న కొద్దీ ఆ నీళ్లు, మురికి అడుక్కు దిగుతాయని, పైపు పీల్చేది అడుగునుంచే కాబట్టి మోటారు గొంతులో అవే పడుతున్నాయని నెమ్మదిగా చెప్పాడు. రేసులో ఉంటే ఆ కాస్త నీళ్లనూ తోసుకొని పోతుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు తట్టుకోలేదు. అదంతా చెప్పి, కొంచెంసేపు తల గీక్కున్నాడు.

"పారబొయ్యం బిడ్డా. పాత పెట్రోలు ఇంజన్ల పొయ్యనీకి పనికిరాదు గని, పార్టులు కడగనీకి దాన్ని మించింది లేదు. దానితోనే దాని ఒళ్లంత కడుగుదాం."

ఇద్దరూ కలిసి ట్యాంకు దించారు. లిడియా చేత్తోనే వంపించాడు. పలచని పసుపు రంగు పెట్రోలు తొట్టిలోకి దిగింది, చివర్లో మడ్డి, దాని కింద నీళ్లు. మడ్డిని, నీళ్లను వేరు చేసి, పెట్రోలును గుడ్డలో వడగట్టి, ఆ మధ్యాహ్నమంతా కూర్చొని నట్లు, బోల్టులు, గాలి దారులు, ఫిల్టరు గిన్నెలు ఒక్కొక్కటే అందులో ముంచి కడిగారు. తొట్టిలో పెట్రోలు నల్లబడుతూ వచ్చింది. లిడియా బ్రష్షుతో రుద్దుతూ ఉంటే కండ్లలోంచి నీళ్లు కారాయి. పెట్రోలు ఆవిరి కండ్లకు తగులుతుంది, పక్కకు తిరుగు అన్నాడు అహరోను. తను కూడా పక్కకు తిరిగాడు.

కొత్త పెట్రోలు పోసి తాడు లాగితే మోటారు లేచింది. రేసు తగ్గించినా లేచే ఉంది. గేరు తీసి ఊరకే వదిలేస్తే మెత్తగా, ఒక్క తీరుగా, ఎక్కడా తడబడకుండా తిరిగింది. జేమ్స్ మెట్ల దగ్గర పడవ ఆపి ఆమె ఎక్కేదాకా కాచుకున్నప్పుడు వినిపించిన చప్పుడు అదే. ఆ చప్పుడుకు ఆమె ప్రాణం లేచి వచ్చింది, ఆ వెంటనే మనిషి లేడని గుర్తొచ్చి కూలబడిపోయింది. మోటారు మాత్రం ఆగలేదు.

వసంత పంచమి నాడు లిడియా వంతు లిడియాకే వచ్చింది. అక్షరాభ్యాసం చేయించుకొని పలకలు పట్టుకున్న పిల్లలతో పడవ నిండిపోయింది. ముఖాలకు పసుపు, చేతులకు బలపం పొడి. ప్రతిసారీ మెట్ల దగ్గర పడవ చెప్పినట్టు నిలబడింది. అంబదాస్ ఒడ్డునుంచి చేయెత్తాడు. కథ ఇక్కడికి అయిపోవలసింది.

అహరోను కానివ్వలేదు. పండుగ అయ్యాక వచ్చిన శుక్రవారం మళ్లీ గోడ పట్టుకొని లేచి, జేమ్స్ మోటారు ఇంకా ఊకుంటే నిలబడటం లేదని మనవి చేశాడు. ఆ వారం లిడియా కూడికకు పోలేదు, పక్కింటామె వచ్చి ఆ వారం మనవులేమిటో చెబుతూ ఉంటే విన్నది. మర్నాడు అన్నీ విప్పి చూసుకుంది, ఏ లోపమూ లేదు. మరుసటి వారమూ ఆమె పోలేదు, మళ్లీ అదే మనవి అని తెలిసింది. ఆ పై వారమూ అదే.

మాట ఘాటుకు పాకింది. పడవవాళ్లకు అంతకంటే ఏం కావాలి. ప్రార్థన మీద నడిచే మోటారని, అయ్యగారికి జలుబు చేస్తే పడవ మునుగుతుందని ఆటలు పట్టించారు. నిజామాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆ మాట విని ఆమె పడవలోంచి దిగి పక్క పడవ ఎక్కింది. అంబదాస్ కూడా వచ్చి, మోటారు నిజంగా బాగైందా వైనీ, దాచకుండా చెప్పు అని అడిగాడు. ఇంత కష్టపడి నిలబెట్టుకున్న వంతు ఈ ముసలాయన నోటి దురద వల్ల పోయేటట్టుంది. లిడియా ఇక తాడో పేడో తేల్చుకోవాలనుకుంది.

ఆ శుక్రవారం కూడిక అహరోను ఇంట్లోనే. లిడియా ఆలస్యంగా వచ్చింది. దారి పొడవునా అనవలసిన మాటలు కూడబెట్టుకుంటూ వచ్చింది. తన మోటారు గడియారం లెక్క నడుస్తున్నదని, బాగైన మోటారును పట్టుకొని బాగుకాలేదనడం అబద్ధ సాక్ష్యమని, పది ఆజ్ఞల్లో ఒకదాన్ని మీరడమేనని అందరి ముందరే అనాలనుకుంది. ఆమె గడపలోకి వచ్చేసరికే మనవి అయిపోయింది. అందరూ కండ్లు మూసుకొని ఉన్నారు. ప్రార్థన నడుస్తున్నప్పుడు మధ్యలో దూరకూడదు కాబట్టి తలుపు దగ్గరే నిలబడింది.

రిబ్కమ్మ ప్రార్థన చేస్తోంది.

"ప్రభువా, ఆ మోటారు పొద్దుగాల చాయ తప్ప ఏం ముడుతలేదు. సగమైంది తండ్రీ. దానికి ఇంత ఆకలి దయచెయ్యి."

లిడియా తలుపు రెక్క పట్టుకొని వింది.

పక్కింటామె అందుకుంది. "నా ఇంటి పక్కనే ఉంటది తండ్రీ ఆ మోటారు. తోమిన గిన్నెలే తోముతది. రాత్రంత ఆ చప్పుడే వినబడతది. దానికి నిద్ర పట్టనియ్యి."

మోకాళ్ల నొప్పులామె తన మోకాళ్లను మరిచిపోయి, ఆ మోటారు ఒక్కసారన్నా కడుపారా ఏడ్చేటట్టు చూడమని అడిగింది. ఆఖరుకు అయ్యగారు గొంతెత్తారు. "ప్రభువా, ఆ మోటారు తన పేరు ఎత్తొద్దన్నది. మేము ఎత్తలే. మా మీద కోపముంటే ఉండనియ్యి. గని మా నడుమకు వచ్చుడు మాననియ్యకు." సెమినరీలో ఇట్లాంటి ప్రార్థన నేర్పి ఉండరు. ఆయన అహరోను దగ్గర నేర్చుకున్నారు.

లిడియా గోడకు ఆనుకుంది. ఇంటికి వచ్చేసరికి బ్రేకులు పడని ఆటో ఎవరో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఆ ఆటో నడిపేవాడి భార్య కూడికలో ముందు వరసలోనే కూర్చునేది, చెంప మీద కొంగు కప్పుకొని. పొద్దున లేవలేని స్కూటరూ అర్థమైంది. కొత్త ఊరు, ఒంటరి కాపురం, అయ్యగారు ఆ రోజుల్లో మంచం దిగడానికే కష్టపడేవారు. పేరు ఎత్తితే సిగ్గుతో చచ్చిపోయే వాళ్లందరినీ ఈ ముసలాయన ఇన్నేండ్లుగా మోటార్ల చాటున దాచి దేవుడి ముందు నిలబెడుతున్నాడు. పెద్దవాళ్లందరికీ తెలుసు. జేమ్స్‌కూ తెలిసే ఉంటుంది. ఆమెను నవ్వనిచ్చి, చెప్పకుండానే పోయాడు. ఆమెకు జేమ్స్ మీద చెడ్డ కోపం వచ్చింది. ఆ కోపంతో పాటే, ఇన్ని నెలలుగా రాని ఏడుపు కూడా వచ్చింది.

ఆమేన్ అని అందరూ కండ్లు తెరిచారు. తలుపు దగ్గర కొంగుతో ముఖం తుడుచుకుంటున్న లిడియాను చూశారు. అయినా ఈసారి గుడిలో లాగా ఎవరూ ఆమె వైపే చూస్తూ ఉండలేదు. ఒకామె పాటల పుస్తకం తిరగేసింది, ఒకాయన ఫ్యాను వైపు చూశాడు, అహరోను అయితే గోటి కింద గ్రీజు గీక్కుంటూ లోకంలో అంతకంటే ముఖ్యమైన పని లేనట్టు కూర్చున్నాడు. అయ్యగారు కొంచెం తడబడి, ఇంకేమైనా మనవులు ఉన్నాయా అని అలవాటు కొద్దీ అడిగారు.

"ఒకటున్నది అయ్యగారూ" అంది లిడియా. "జేమ్స్ మోటారున్నది గదా. మొన్న ఆదివారం మధ్యాహ్నం పని లేక గడప మీద ఊకెనే కూసున్నది. జరసేపే. ఎక్కువ వణకలే."

అయ్యగారు స్తోత్రం అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. ఇక అయిపోయిందనుకుంటూ ఉండగా అహరోను గోడ పట్టుకొని లేవడం మొదలుపెట్టాడు.

"స్తోత్రమే అయ్యగారూ. గని మనవి అప్పుడే తీసెయ్యకున్రి. నా రిపేరుకు ఏడాది గ్యారంటీ ఉన్నది."

మొదట నవ్వింది లిడియా. తర్వాత అందరూ నవ్వారు. రిబ్కమ్మ చాయ పోసింది, అటుకులు పెట్టింది. అందరికీ గిన్నెలు అందించబోయిన లిడియాను చేయి పట్టి చాప మీద కూర్చోబెట్టింది. మోటారు రెండు కప్పుల చాయ తాగి, ప్లేటెడు అటుకులు తిని, అందరూ ఇండ్లకు పోయేదాకా అక్కడే ఊకెనే కూర్చుంది.